‘బాతు’ బటన్ నొక్కితే నడిచింది కోడి లెక్క

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: ఇంక్యుబేటర్‌లో లోపం, డబ్బు వాపసు గురించి.

అయ్యా,

మీ 24 గుడ్ల ఆటోమేటిక్ ఇంక్యుబేటర్‌ను జనవరిలో 8,400 రూపాయలకు కొన్నాను. బిల్లు జత చేశాను. మల్కాజిగిరిలో మా డాబా మీద రెండేళ్లుగా కాల్ డక్స్ అనే చిన్న జాతి బాతుల్ని పెంచుతున్నాను. మామూలు బాతులో సగం కూడా ఉండవు కానీ అరిస్తే వీధంతా వినాల్సిందే. ఒకప్పుడు యూరప్‌లో వేటగాళ్లు అడవి బాతుల్ని రప్పించడానికి వీటి గొంతును వాడుకునేవారట. మా పక్కింటివాళ్లు ఇట్టే నమ్ముతారు.

14 గుడ్లు పెట్టి, బాతు బొమ్మ ఉన్న బటన్ నొక్కాను. ఏడో రోజు టార్చ్ లైట్ వేసి చూసి, పిల్ల కట్టని మూడు తీసేశాను. మిగిలిన 11లో ఎర్రటి నరాలు చక్కగా కనిపించాయి. కోడిగుడ్డు 21 రోజులకు పొదిగితే, ఈ బాతులకు సుమారు 26 రోజులు పడుతుంది. పిల్ల రావడానికి మూడు రోజుల ముందు దాకా, అంటే 23వ రోజు దాకా గుడ్లు తిరుగుతూనే ఉండాలి. మీ మెషీన్ 18వ రోజే తిప్పడం ఆపేసి, తేమను 70 శాతానికి పెంచేసింది. వెంటనే ఫోన్ చేశాను. “ఆటో మోడ్‌లో ఉంది కదా సార్, మీరేం ముట్టుకోకండి” అన్నాడు మీ కస్టమర్ కేర్ అబ్బాయి. ముట్టుకోలేదు, అదే నేను చేసిన తప్పు. 21వ రోజు డిస్‌ప్లే మీద సున్నా పడి, పిల్లలు వచ్చేసినట్టు బీప్ కొట్టింది. బాతు బొమ్మ మాత్రం వెలుగుతూనే ఉంది.

చివరికి బయటికి వచ్చింది ఒక్క పిల్ల. 29వ రోజు మిగతా గుడ్లు పగలగొట్టి చూశాను. ఒకదాంట్లో పసుపు నూగుతో సహా పూర్తిగా తయారైన పిల్ల, ముక్కు దాకా నీళ్లలో ఉంది. తేమ అంత ముందుగా పెరిగితే గుడ్డులోని నీరు ఆవిరి కాదు, గాలి గది పెరగదు, పిల్ల లోపలే మునిగిపోతుంది.

“ఈ జాతికి ముక్కు పొట్టి, పెంకు పగలగొట్టలేవు” అని మీవాళ్లు మెయిల్‌లో రాశారు. ముక్కు పొట్టి అన్నది నిజమే. కానీ మెషీన్ మీద పూర్తి నమ్మకం లేక, అవే బాతుల గుడ్లు ఐదింటిని అదే రోజు మా నాటుకోడి కింద పెట్టాను. నాలుగు పిల్లలయ్యాయి. వాటి ముక్కులూ పొట్టివే.

నా 8,400 వాపసు ఇవ్వండి. ప్రోగ్రాం సరిచేసేదాకా డబ్బా మీద ‘బాతులకు కూడా’ అన్న మాట తీసేయండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేస్తాను. మెషీన్‌ను కడిగి, అట్టపెట్టెలో సర్ది పెట్టాను. మనిషిని పంపి తీసుకెళ్లండి. ఈ విడత గుడ్లు కోడి కిందే ఉన్నాయి.

ఇట్లు,
మీ కస్టమర్,
మల్కాజిగిరి, హైదరాబాద్