లాగ్ క్యాబిన్ బొంతల గుడ్డను ఇకపై ఎలా కత్తిరిస్తున్నాం, ధర ఎందుకు మారింది

మా దగ్గర బొంతలు కుట్టించుకునే అమ్మలకు, అక్కలకు, అన్నలకు నమస్కారం.

గత చలికాలంలో మేము ఇచ్చిన లాగ్ క్యాబిన్ బొంతల్లో కొన్ని మంచం మీద పరిస్తే సమంగా ఆనడం లేదని, నడుమ ఉబ్బుతున్నాయని, ఒక పక్క కంటే మరో పక్క పొడవుగా కనిపిస్తోందని మీలో ముగ్గురు చెప్పారు. ఆ మూడింటినీ హన్మకొండలోని మా కుట్టు గదికి తెప్పించుకొని, కుట్లు విప్పి, పట్టీలను ఒక్కొక్కటిగా కొలిచి చూశాను. కుట్టిన అక్కల పనిలో లోపమేమీ లేదు. గుడ్డను పట్టీలుగా చేసిన పద్ధతిలోనే తప్పుంది. ఆ పద్ధతిని ఎంచుకున్నది నేను కనుక, ఏం జరిగిందో, ఏం మార్చామో మీకు వివరంగా చెప్పవలసిన బాధ్యత నాదే.

లాగ్ క్యాబిన్ అంటే దుంగలతో కట్టిన ఇల్లు. 19వ శతాబ్దపు రెండో సగంలో అమెరికాలో బాగా వ్యాపించిన ఈ నమూనాలో నడుమ ఒక చదరపు ముక్క ఉంటుంది. దాని చుట్టూ, దుంగలు పేర్చినట్టు, పట్టీలు ఒకదాని వెనుక ఒకటి తిరుగుతూ వస్తాయి. రెండు పక్కల లేత రంగులు, మిగిలిన రెండు పక్కల ముదురు రంగులు వేస్తారు. నడుమ ముక్కను ఎర్రగా పెట్టి, దాన్ని ఆ ఇంటి పొయ్యిగా చెప్పుకునే ఆనవాయితీ ఉంది. మేమూ ఎరుపే పెడతాం. ఆ ఎరుపు పక్కనున్న లేత రంగులకు అంటకుండా, నీళ్లు తేటగా వచ్చేదాకా ఉతికి ఆరేసిన తర్వాతే దాన్ని బల్ల మీదికి తెస్తాం.

ఇలా నడుమ ముక్క చుట్టూ పట్టీలు కుట్టగా వచ్చే ఒక్కో చదరాన్ని బ్లాకు అంటాం, అలాంటివి కలిపితేనే బొంత. మా బ్లాకులో నడుమ ముక్క 2.5 అంగుళాలు, పట్టీ వెడల్పు 1.5 అంగుళాలు. రెండు వైపులా కుట్టులోకి పావు అంగుళం చొప్పున పోగా, పట్టీ ఒక అంగుళం మాత్రమే కనబడుతుంది. మూడు చుట్లకు 12 పట్టీలు పడతాయి. లేత రంగుకు 30 అంగుళాలు, ముదురు రంగుకు 36 అంగుళాలు, మొత్తం ఒక్కో బ్లాకుకు 66 అంగుళాల పట్టీ కావాలి. 80 అంగుళాల వెడల్పు, 96 అంగుళాల పొడవు ఉన్న బొంతకు ఇలాంటి బ్లాకులు 120 పడతాయి కనుక, ఒక్క బొంతకే 200 మీటర్లకు పైగా పట్టీ తయారు కావాలి. బ్లాకును అడ్డంగా చూస్తే నడుమ ముక్కకు ఇటు మూడు, అటు మూడు, మొత్తం ఆరు పట్టీలు కనబడతాయి. ఒక్కో పట్టీ అంగుళంలో 16వ వంతు ఎక్కువగా వచ్చినా, బ్లాకు అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు పెరుగుతుంది. అలాంటి పది బ్లాకులు ఒక వరుసలో పడితే ఆ వరుస మూడు ముప్పావు అంగుళాలు పెరుగుతుంది. విప్పిన బొంతల్లో నాకు కనిపించింది ఇదే.

మొదటి నుంచీ మేము పట్టీలను చింపేవాళ్లం. ఇక్కడ నేసే దర్రీల (నూలు తివాచీల) పుణ్యమా అని ఈ ఊళ్లో పడుగు (నిలువు పోగులు), పేక (అడ్డ పోగులు) అన్న మాటలు తెలియనివారు తక్కువ కాబట్టి సూటిగానే చెబుతాను. చేనేత నూలుగుడ్డకు అంచున చిన్న గాటు పెట్టి లాగితే అది పోగు వెంటే చిరుగుతుంది, అందువల్ల పట్టీ ఎన్నడూ ఐమూలగా పోదు. చింపడంలోని ఈ గుణాన్ని నేను ఇప్పటికీ గౌరవిస్తాను. అయితే చిరిగేటప్పుడు అంచు పోగులు సాగి, అంచు అలల్లా తిరుగుతుంది, పోగులు లేస్తాయి. కుట్టుకు వదిలింది పావు అంగుళమే అయినప్పుడు, అందులో కొంత ఇలా పీచుగా పోతే మిషన్ పాదానికి ఆనించడానికి సరైన అంచు మిగలదు. 1.75 అంగుళాలకు చింపి, తర్వాత అంచులు సరిచేయవచ్చు, కానీ 44 అంగుళాల పన్నా గుడ్డ ఏడు మీటర్లు సరిపోయే చోట ఎనిమిది మీటర్లు పడుతుంది. చేతితో నేసిన గుడ్డను అలా చెత్తబుట్టలో వేయడానికి నాకు మనసొప్పలేదు.

పని తొందరలో ఒకసారి గుడ్డనంతా బయట ఒక చోట కరెంటు కటింగ్ మిషన్ మీద కోయించాను. అనేక పొరలు పేర్చి ఒకేసారి కోయడం చొక్కాల పనికి తగినదే. మా మెత్తటి గుడ్డకు మాత్రం అది సరిపడలేదు. పై పొరలు చక్కగా వచ్చాయి, అడుగు పొరలు జరిగి పట్టీ ఒక కొసన వెడల్పుగా, మరో కొసన సన్నగా వచ్చింది. వచ్చిన పట్టీలను కొలవకుండా కుట్టుకు ఇవ్వడం నా తప్పు. మీకు ఇబ్బంది కలిగిన మూడు బొంతల్లో రెండు ఆ గుడ్డవే, మూడోది చింపిన పట్టీలది.

సుద్దతో గీసి కత్తెరతో కోయడం కూడా ప్రయత్నించాం. సుద్ద గీతకే ఒక మందం ఉంటుంది, పైగా కత్తెర కింది అలుగు గుడ్డను కొద్దిగా పైకి లేపుతుంది. నడుమ చదరాలకు, అంచు ఉన్న ముక్కలకు కత్తెర చాలు, 200 మీటర్ల పట్టీకి చాలదు.

ఇప్పుడు మేము వాడుతున్నది రోటరీ కట్టర్. జపాన్‌కు చెందిన ఓల్ఫా సంస్థ 1979లో తెచ్చిన ఈ పనిముట్టులో గుండ్రటి అలుగు చక్రంలా దొర్లుతూ కోస్తుంది కనుక, గుడ్డ కింద పరిచిన మ్యాట్‌ను వదిలి పైకి లేవదు. మొదట గుడ్డను ఒక్కసారి మాత్రం చింపి పోగు వాలు చూసుకుంటాం, పల్చటి గంజి పెట్టి ఇస్త్రీ చేస్తాం, ఆ తర్వాత 24 అంగుళాల పారదర్శకపు స్కేలును ఆ అంచుకు సరిపెట్టి కోస్తాం. పట్టీలను పడుగు వెంటే తీస్తాం, ఎందుకంటే పేక వెంట తీసిన పట్టీ మిషన్ కింద కొంత సాగుతుంది. గుడ్డను రెండు పొరలకు మించి మడవం. మడత వంకరగా ఉంటే పట్టీ ఆ మడత దగ్గర కోణంగా వంగుతుంది కాబట్టి, నాలుగైదు పట్టీలకు ఒకసారి అంచును మళ్లీ సరిచూస్తాం.

పట్టీల పొడవు విషయంలోనూ మారాం. పొడవాటి పట్టీని కుట్టి, మిగిలింది తర్వాత కత్తిరించడం వేగంగా సాగే పద్ధతి. అయితే కుట్టేటప్పుడు పట్టీ సాగినా ఆ సాగు అందులోనే దాగిపోయి, చివరికి బ్లాకు గిన్నెలా లేస్తుంది. ఇకపై మొదటి పట్టీని 2.5 అంగుళాలు, ఆ తర్వాతి రెండింటిని 3.5 అంగుళాలు, అలా చివరిది 8.5 అంగుళాలు వచ్చేలా ముందే కోసి పెడతాం. పట్టీ చాలకపోయినా, మిగిలినా అక్కడికక్కడే తెలిసిపోతుంది.

అమ్మ చీరలు, నానమ్మ చీరలు తెచ్చి బొంత అడిగేవారికి ఒక మాట. పాత నూలు చీర ఒక్కో చోట ఒక్కోలా నలిగి ఉంటుంది, చింపితే పోగు వెంట కాకుండా బలహీనమైన చోటికి చిరుగుతుంది. అటువంటి చీరలను పూర్వపు లాగ్ క్యాబిన్ బొంతల్లో చేసినట్టే అడుగున పల్చటి గుడ్డ పెట్టి, దాని మీద పట్టీలు వేసి కుడతాం. బొంత కొంత బరువెక్కుతుంది, కానీ చీర నిలుస్తుంది.

ఈ మార్పుల వల్ల ఒక బొంతకు ఒక పూటలో అయ్యే కత్తిరింపు ఇప్పుడు రెండు రోజులు పడుతోంది, అలుగులు కూడా తరచుగా మార్చవలసి వస్తోంది. పెద్ద బొంత ధర 600 రూపాయలు పెరిగింది, చేతికి అందడానికి మరో వారం ఎక్కువ పడుతుంది. ఇప్పటికే బయానా ఇచ్చినవారికి పాత ధరే వర్తిస్తుంది. విప్పిన మూడు బొంతలను కొత్తగా కోసిన పట్టీలతో రుసుము లేకుండా కుడుతున్నాం, వాటిలో ఒకటి పూర్తయింది. గత చలికాలంలో తీసుకున్న మరెవరి బొంతైనా నేల మీద పరిచినప్పుడు ఉబ్బుతూ ఉంటే, ఉతకకుండా అలాగే తీసుకురండి. ఉతికితే గుడ్డ కుంచించుకుపోయి, తప్పు ఏ పట్టీలో ఉందో కొలవడం కష్టమవుతుంది.