స్కూలు బోర్డు ఎన్నిక – ప్రచార జమా ఖర్చుల వివరణ

చందా ఇచ్చినవారికి, ఇంటింటికీ తిరిగిన వాలంటీర్లకు,

2025 మే 3న టెక్సస్‌లో మన స్కూలు డిస్ట్రిక్ట్ (ఈ ప్రాంతపు ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థ) బోర్డుకు జరిగిన ఎన్నికలో మనం బలపరిచిన టీచరుగారు గెలవలేదు. గెలిచినా ఓడినా మీ డబ్బు లెక్క మీకు అప్పజెప్పాల్సిందే. ఇక్కడ చెప్పిన అంకెలే డిస్ట్రిక్ట్ ఆఫీసులో వేసిన, వేయబోయే రిపోర్టుల్లోనూ ఉంటాయి. అక్కడ ఎవరైనా అడిగి చూడవచ్చు.

ముందుగా ఒక మాట. టీచరుగారి కోసం ప్రచారం చేసిన మన ఈ కమిటీకి సొంత ఖాతా లేదు. విడిగా డబ్బు వసూలు చేస్తే కమిటీయే ఒక రాజకీయ కమిటీ అవుతుంది, దానికి వేరే ట్రెజరర్, వేరే రిపోర్టులు కావాలి. అందుకని ప్రతి డాలరూ అభ్యర్థి ప్రచార ఖాతాలోనే పడింది. ట్రెజరర్ నియామక ఫారం డిస్ట్రిక్ట్ ఆఫీసులో ఇచ్చాకే మొదటి చెక్కు తీసుకున్నాం. ఆ ఫారం లేకుండా చందా తీసుకోవడానికీ ఖర్చు పెట్టడానికీ టెక్సస్ చట్టం ఒప్పుకోదు. చాలామంది నామినేషన్ వేశాక చూసుకోవచ్చులే అనుకుంటారు. నామినేషన్లకు ఆఖరు తేదీ ఫిబ్రవరి 14, ఫారం మాత్రం మొదటి డాలరు కంటే ముందు పడాలి.

జమ
చెక్కుల ద్వారా: 7,350 డాలర్లు
ఆన్‌లైన్‌లో కార్డుల ద్వారా: 4,280
నగదు: 640
అభ్యర్థి అప్పుగా పెట్టిన సొంత డబ్బు: 1,500
మొత్తం: 13,770 డాలర్లు

కార్డుల మొత్తం రుసుము కోయకముందుది. మీరు 100 ఇస్తే మీ పేరున 100 రాయాలి, కంపెనీ మినహాయించుకున్నది ఖర్చు కింద చూపాలి. బ్యాంకులో పడిన అంకె చూసి రాస్తే రెండు లెక్కలూ తప్పుతాయి. నగదు విషయంలో ఒక రిపోర్టు కాలంలో ఒకరి నుంచి 100 డాలర్లు మించకూడదు. అంతకంటే ఎక్కువ తెచ్చినవారిని చెక్కు రాయమన్నాం. పేరు చెప్పకుండా కవరులో పెట్టి ఇవ్వడం మన గుళ్లలో, పెళ్లిళ్లలో మర్యాదే గానీ ఇక్కడ కుదరదు. పేరు, అడ్రసు లేని డబ్బు ముట్టుకోలేదు.

తిప్పి పంపిన 1,150 డాలర్లు పై లెక్కలో లేవు. దీని మీదే ఎక్కువ ప్రశ్నలు వచ్చాయి కాబట్టి వివరంగా చెబుతాం. అమెరికా పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవారు మాత్రమే ఎన్నికల చందా ఇవ్వవచ్చు. హెచ్‌-1బి, హెచ్‌-4, ఎల్‌-1, ఎఫ్‌-1 వీసాల మీద ఉన్నవారి నుంచి తీసుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఈ నిషేధం అధ్యక్ష ఎన్నికకే కాదు, స్కూలు బోర్డుకూ వర్తిస్తుంది. పిల్లలు ఇదే స్కూళ్లలో చదువుతున్నారు, ఇంటి పన్ను కడుతున్నారు, అయినా ఓటూ లేదు, చందా ఇచ్చే వీలూ లేదు. ఆ బాధ మాకు తెలుసు. గ్రీన్ కార్డు వరుసలో ఏళ్ల తరబడి నిలబడ్డ తల్లిదండ్రులు ఎంతో ప్రేమతో ఇచ్చిన డబ్బును వెనక్కి పంపడం మాకు కష్టంగానే అనిపించింది. ఇక్కడ పుట్టిన పిల్లల పేరున ఇస్తామన్నారు కొందరు, స్నేహితుడి పేరున రాయమన్నారు ఇంకొందరు. ఒకరి డబ్బు మరొకరి పేరున ఇవ్వడం ఇంకా పెద్ద తప్పు. భార్యాభర్తల్లో ఒకరు పౌరులైతే చెక్కు మీద వారి సంతకం ఉండాలి, ఆ డబ్బు వారిదే అయివుండాలి.

జీతం లేకుండా పనిచేయడానికి మాత్రం వీసా అడ్డు కాదు. తలుపులు తట్టినవారిలో, సైన్లు (ప్రచార బోర్డులు) పాతినవారిలో వీసాదారులు చాలామంది ఉన్నారు, వారికి మా కృతజ్ఞతలు. డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో తేల్చే మాటల్లో మాత్రం వారిని కూర్చోబెట్టలేదు, వారి ఇళ్లలో జరిగిన టీ సమావేశాలకు సరుకులు మా ఖాతా నుంచే కొన్నాం.

ఖర్చు

అన్నింటికంటే పెద్ద ఖర్చు పోస్టు కార్డులు: 6,200 ఇళ్లకు, ముద్రణ, పోస్టేజీ కలిపి ఒక్కోటి 63 సెంట్లు, మొత్తం 3,906 డాలర్లు. మే ఎన్నికలకు వచ్చే ఓటర్లు బాగా తక్కువ. అందుకే కౌంటీ నుంచి 85 డాలర్లకు ఓటర్ల జాబితా కొని, గత మే ఎన్నికల్లో ఓటేసిన ఇళ్లను ఏరాం. ముందస్తు పోలింగ్ ఏప్రిల్ 22న మొదలైంది. ఒకేసారి వేలల్లో తక్కువ ధరకు పంపే బల్క్ రేటు పోస్టు నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి ఏప్రిల్ 10నే పోస్టాఫీసులో అప్పగించాం. ట్రేలకు రాజకీయ పోస్టుకు వాడే ఎర్ర ట్యాగ్ 57 కట్టమని ప్రింటరుకు గట్టిగా చెప్పాలి, లేకపోతే అవి మామూలు ప్రకటనల్లో కలిసిపోతాయి.

ఇళ్ల ముందు పెట్టే చిన్న సైన్లు 400, తీగ స్టాండులతో 2,140 డాలర్లు. నాలుగడుగుల పెద్ద సైన్లు 24, వాటికి 1,080 డాలర్లు. అవి నిలబెట్టే ఇనుప టీ-పోస్టులు, జిప్ టైలు 310. ప్లాస్టిక్ షీటు లోపలి గొట్టాలు నిలువుగా ఉండేలా ఆర్డర్ ఇవ్వాలి, అడ్డంగా వస్తే తీగ దిగదు. ఇక్కడి నల్ల బంకమట్టి ఎండితే రాయి, తడిస్తే బురద. వసంతంలో గాలివానకు పెద్ద సైనుకు రెండు టీ-పోస్టులు లేకపోతే అది నిలవదు.

సైను మీద మూడు విషయాలు తప్పకుండా ఉండాలి. ఒకటి, డబ్బు ఎవరిదో చెప్పే రాజకీయ ప్రకటన వాక్యం. రెండు, హైవే స్థలంలో పెట్టడం నేరమని చెప్పే హెచ్చరిక. మూడు, పదవిలో లేనివారు పదవి పేరుకు ముందు "ఫర్" అని వేయాలి, ఆ అక్షరాలు పదవి పేరు అక్షరాల్లో సగానికి తగ్గకూడదు. ప్రింటరు అందం కోసం దాన్ని చిన్నది చేస్తాడు, ప్రూఫులో కొలిచి చూసుకోవాలి. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు పీకేస్తారని భయపడినవారికి: ఎన్నికకు 90 రోజుల ముందు నుంచి 10 రోజుల తర్వాత వరకు ఇంటి ముందు ఒక్కో అభ్యర్థికి ఒక సైను పెట్టుకోనివ్వాలని చట్టం ఉంది.

చేతికిచ్చే కార్డులు 5,000, వాటికి 390 డాలర్లు. ఆన్‌లైన్ ప్రకటనలు 1,200. టెక్స్ట్ మెసేజులు 610. వాలంటీర్లకు వీధుల జాబితా చూపే యాప్ 300. వెబ్‌సైటు 168. హాలు అద్దె 350. ఆన్‌లైన్ కార్డు చందాల మీద కంపెనీ రుసుము 158. బ్యాంకు చెక్కు పుస్తకం 27.

భోజనాలకు 1,265. ఉచితంగా బిర్యానీ పంపుతామన్న హోటలు యజమానికి దణ్ణం పెట్టి వద్దన్నాం. కార్పొరేషన్‌గా రిజిస్టరైన వ్యాపారం నుంచి డబ్బే కాదు, అన్నం తీసుకున్నా నిషిద్ధ చందానే. అందరికీ అమ్మే ధరకే కొని రసీదు ఉంచాం. మార్చి 30 ఉగాది వేడుకల్లో వేదిక మీద మాట్లాడించలేదేమని అడిగారు. పన్ను మినహాయింపు ఉన్న తెలుగు సంఘాలు, గుళ్లు అభ్యర్థిని బలపరచకూడదు. వారి హోదాకు ముప్పు తెచ్చే పని అడగడం మనకు తగదు.

మరో చోట కూడా జాగ్రత్త పడ్డాం. పనిచేసే డిస్ట్రిక్ట్ బోర్డులోనే టీచరు సభ్యులు కాలేరు. మన అభ్యర్థి పక్క డిస్ట్రిక్ట్‌లో పాఠాలు చెబుతారు. అక్కడి స్కూలు ఈమెయిలు గానీ, జిరాక్సు మిషను గానీ ఒక్క కాగితానికైనా వాడలేదు.

అభ్యర్థి అప్పు 1,500 తిరిగి ఇచ్చాం. దాంతో కలిపి మొత్తం ఖర్చు 13,489, చేతిలో మిగిలింది 281 డాలర్లు.

రిపోర్టులు ఏప్రిల్ 3న, 25న వేశాం. మొదటిది మార్చి 24 వరకు లెక్క కాబట్టి ఉగాది రోజుల చందాలు రెండో దాంట్లో కనిపిస్తాయి. మీ పేరు మొదటి దాంట్లో లేదని కంగారు పడకండి. జులై 15 గడువులో తుది రిపోర్టు వేస్తాం. మిగిలిన సొమ్మును ఎవరూ సొంతానికి వాడుకోకూడదు, చందాదారులకు తిరిగి ఇవ్వవచ్చు లేదా పన్ను మినహాయింపు ఉన్న సంస్థకు ఇవ్వవచ్చు. 281ని ఇంతమందికి పంచితే పోస్టేజీకే సరిపోతుంది. డిస్ట్రిక్ట్ విద్యార్థులకు స్కాలర్‌షిప్పులిచ్చే ఫౌండేషన్‌కు చెక్కు రాయాలని తీర్మానించాం. అభ్యంతరం ఉన్నవారు జూన్ 30లోగా ట్రెజరరుకు చెప్పండి. రసీదులు, చెక్కుల నకళ్లు రెండేళ్లు ఆయన దగ్గరే ఉంటాయి, ఏ చందాదారైనా వచ్చి చూసుకోవచ్చు.