ఎం37 ఇంకా మా షెడ్డులోనే ఎందుకుంది

అందరికీ నమస్కారం.

"ఎం37 అయిపోయిందా? మా బండి ఎప్పుడు మొదలుపెడతారు?" అని ఈ నెలలో చాలామంది అడిగారు. ఇంకా అవలేదు. మూడు నెలల్లో బాగుచేసి ఇచ్చేస్తానని యజమానికి మాటిచ్చింది నేనే, ఇప్పుడు అయిదో నెల నడుస్తోంది. విడిభాగాలు దొరక్క ఆగలేదు. మేం చేసిన పొరపాటు వల్ల ఆగింది. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఈ బండి గురించి తెలియనివారికి: ఎం37 అంటే అమెరికా సైన్యం కోసం డాడ్జ్ కంపెనీ 1951 నుంచి 1968 దాకా తయారుచేసిన ముప్పావు టన్ను బరువు మోసే ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కు. కొరియా యుద్ధంలో తిరిగిన బండి. ఆరు సిలిండర్ల ఫ్లాట్‌హెడ్ (వాల్వులు పక్కన ఉండే పాతకాలపు) ఇంజిన్, 24 వోల్టుల వైరింగ్.

ఇంజిన్ పెద్దగా కష్టపెట్టలేదు. వైరింగ్ మొత్తం మార్చాం. ఇంజిన్‌కు స్పార్కు అందించే డిస్ట్రిబ్యూటర్, కాయిల్ రెండూ నీళ్లు చొరని ఒకే డబ్బాలో ఉంటాయి, వాగులో దిగినా ఇంజిన్ ఆగకూడదని. ఆ మూత విప్పితే రబ్బరు ఎండి పొడైపోయింది కానీ లోపల ఒక్క తుప్పు మచ్చ లేదు. ఆ పనితనం చూసి షెడ్డులో అందరం కాసేపు పని ఆపేశాం.

చిక్కంతా బ్రేకుల దగ్గర వచ్చింది. మామూలు బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి నిలిచిన బండిలో బ్రేక్ సిలిండర్లు లోపలి నుంచి తుప్పు పడతాయి. అందుకే 1980ల్లో అమెరికా సైన్యం సిలికాన్ ఆయిల్‌కు మారింది. ఈ రెండిటినీ కలపకూడదు. సిలికాన్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు ఊదా రంగులో ఉంటుంది, కాలం గడిచేకొద్దీ ఆ రంగు వెలిసిపోతుంది. బ్రేక్ ఆయిల్ ఉండే రిజర్వాయర్‌లో లేత పసుపు కనిపించగానే మామూలు ఆయిలే అనుకున్నాం. వీల్ సిలిండర్లకు (చక్రాల దగ్గర ఉండే బ్రేక్ సిలిండర్లు) కొత్త రబ్బరు కిట్లు వేశాం, పైపులు బయటికి బాగున్నాయని వాటిని ముట్టుకోలేదు, మామూలు ఆయిల్ పోసేశాం.

మొదటి వారం పెడల్ గట్టిగానే ఉంది. ఎనిమిదో రోజు ఆవరణలో నడిపి చూస్తుంటే పెడల్ నేలకు ఆనింది. హ్యాండ్ బ్రేక్ ఈ బండిలో వెనక చక్రాలకు వెళ్లే షాఫ్టును పట్టుకుంటుంది, చక్రాల బ్రేకులతో దానికి సంబంధం లేదు. అది లాగాను కాబట్టి ఆగింది. ఎడమ వెనక సిలిండర్ విప్పితే గంజి గడ్డకట్టినట్టు చిక్కటి పదార్థం. పైపుల్లో మిగిలిన పాత సిలికాన్ ఆయిల్, మేం పోసిన మామూలు ఆయిల్ కలిసి అలా అయింది. లోపల ఆయిల్ కారకుండా ఆపడానికి మేం వేసిన కొత్త రబ్బరు కప్పు ఉబ్బి బిగుసుకుపోయింది, బొటనవేలితో ఎంత నొక్కినా కదల్లేదు.

ఈ బండికి బ్రేక్ ఆయిల్ వెళ్లే సర్క్యూట్ ఒక్కటే. ఎక్కడ తేడా వచ్చినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. రెండున్నర టన్నులు దాటిన బండి అలా రోడ్డు మీదికి వెళ్తే ఏమవుతుందో తలుచుకుంటే నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. యజమానికి ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పాను. పైపులు, హోస్‌లు, కప్పులు అన్నీ తీసేసి కొత్తవి వేస్తున్నాం. డ్రైవర్ కాళ్ల కింద ఉండే మాస్టర్ సిలిండర్‌కు లోపల కొత్త స్లీవ్ వేయించాం. ఈ ఖర్చంతా మాదే, ఆయన బిల్లులోకి రాదు.

ఇకపై ఏ బండి వచ్చినా, పైకి ఎంత బాగా కనిపించినా, బ్రేకులు పూర్తిగా విప్పాకే మిగతా పని మొదలుపెడతాం. దీనివల్ల వరుసలో ఉన్నవారి బండ్లు సుమారు ఆరు వారాలు వెనక్కి వెళ్తాయి. అంతకాలం ఆగలేమనుకునేవారు అడగండి, అడ్వాన్స్ పూర్తిగా తిరిగి ఇస్తాను. మొహమాటం వద్దు.

మరో మాట. తలుపు మీది పెయింటును తడి శాండ్‌పేపర్‌తో నెమ్మదిగా రుద్దుతుంటే నాలుగో పొర కింద తెల్ల నక్షత్రం బయటపడింది. అంచులు కాస్త వంకర, చేత్తో వేసినట్టుంది. దాని కొలతలు తీసి, ఫొటోలు తీసి పెట్టాం. మళ్లీ అదే చోట, ఆ వంకరతోనే వేస్తాం. మెరిసే పెయింటు వేయమని కొందరు అడుగుతుంటారు కానీ ఈ బండికి మెరుపులేని ఆలివ్ రంగే అందం.

ఈ శనివారం లైన్లలో ఆయిల్ నింపి, గాలి తీసి, పెడల్‌ను కర్రతో నొక్కిపెట్టి రాత్రంతా వదిలేస్తాం. పొద్దుటికి కర్ర జారకుండా, ఏ జాయింటు దగ్గరా చెమ్మ లేకుండా ఉంటే బండిని రోడ్డెక్కిస్తాం. ఫలితం ఏదైనా ఆదివారం మీకు రాస్తాను.