సోమవారం నుంచి గ్రిల్స్ పెయింట్ పని: పిల్లలున్న ఇళ్లవాళ్లు తప్పక చదవండి

అందరికీ నమస్కారమండి. సోమవారం ఉదయం 9 నుంచి రెండు రోజులు మెట్ల రెయిలింగులు, బాల్కనీ గ్రిల్స్ పాత రంగు తీసి కొత్తది వేస్తారు. ఇంటి పెయింట్లలో సీసం (లెడ్) 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, దాటకూడదన్న రూలు 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. మన గ్రిల్స్ రంగు అంతకంటే చాలా పాతది, దాన్లో సీసం ఎక్కువే ఉండొచ్చు. అందుకే తడిపి గీకమని పనివాళ్లకు గట్టిగా చెప్పాం.

బాల్కనీ తలుపులు మూసెయ్యండి.
ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకోండి.
చీపురు వద్దు, దుమ్ము లేస్తుంది. తడిగుడ్డతోనే తుడవండి.

నిన్న మా మనవడి అరచేతికి పచ్చటి పెయింట్ పెచ్చు అంటుకుని ఉంది. నోట్లో పెట్టుకోబోతుంటే పట్టుకున్నాను, గుండె ఝల్లుమంది. సీసం ఒంట్లో చేరినా చాలాసార్లు పైకి ఏమీ కనిపించదు. కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత, ఊరికే చిరాకు ఉంటే డాక్టరుకు పెయింట్ సంగతి చెప్పి రక్తపరీక్ష అడగండి. రక్తంలో సీసం డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే అది ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలని డబ్ల్యూహెచ్‌ఓ చెబుతోంది. అదే మొదటి వైద్యం. ఒంట్లోని సీసాన్ని బయటికి పంపే కీలేషన్ మందులు అందరికీ అక్కర్లేదు, సొంతంగా అసలే వద్దు.

ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు ఉన్నవాళ్లు శనివారం రాత్రికల్లా ఫ్లాట్ నంబరు ఇక్కడ పెట్టండి. మీరు ఇంట్లో లేని టైములో అక్కడ పని చేయిస్తాం.