పైలట్ యాస విని భయపడకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

విమానంలో పైలట్ అనౌన్స్‌మెంట్ కొంచెం వేరే యాసలో వినిపిస్తే చాలు మనవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, ఇక ఎక్కడైనా ప్రమాదం జరిగిందంటే మంటలు ఆరకముందే వాట్సాప్‌లో పైలట్‌ది ఏ దేశం, అసలు ఇంగ్లీష్ వచ్చా అని మొదలైపోతుంది, టీవీ చర్చల్లో కూడా ఇదే వరస. నేను ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌గా బేగంపేటలో, తర్వాత చెన్నైలో చేసి రిటైరయ్యాను, ఎన్నో దేశాల పైలట్లతో మాట్లాడటమే నా ఉద్యోగం, అందుకే ఈ ఉత్తరం.

2010 మే 22న మంగళూరులో విమానం రన్‌వే దాటి లోయలో పడి 158 మంది చనిపోయారు, 8 మందే బతికారు. కెప్టెన్ సెర్బియా దేశస్థుడు అని తెలియగానే ఫారిన్ పైలట్లని ఎందుకు పెట్టుకున్నారని పెద్ద గోల. తీరా విచారణ రిపోర్ట్‌లో తేలింది ఏంటంటే, కెప్టెన్ దారిలో చాలాసేపు నిద్రపోయాడు, విమానం ఉండాల్సిన ఎత్తు కన్నా పైన వస్తోంది, పక్కనున్న మన భారతీయ కోపైలట్ గో అరౌండ్ (దిగకుండా మళ్లీ పైకి లేపు) అని మూడుసార్లు చెప్పినా ఆయన ఆగలేదు. నిద్రమత్తు, పక్కవాడి మాట పట్టించుకోకపోవడం ఏ పాస్‌పోర్ట్ ఉన్నవాడికైనా రావొచ్చు కదండీ.

ఇదే మనవాడి మీదకి వస్తే ఎలా ఉంటుందో కూడా చూశాం. 2018 అక్టోబర్‌లో ఇండోనేషియాలో లయన్ ఎయిర్ విమానం సముద్రంలో కూలి 189 మంది పోయారు, ఆ కెప్టెన్ మన ఢిల్లీ కుర్రాడు. 2019 మార్చిలో అదే బోయింగ్ మోడల్ ఇథియోపియాలో కూలింది, ఇంకో 157 మంది. అప్పుడు అమెరికా కాంగ్రెస్‌లో సామ్ గ్రేవ్స్ అనే సభ్యుడు అమెరికాలో ట్రైనింగ్ అయిన పైలట్లయితే విమానాన్ని కాపాడుకునేవాళ్లు అన్నట్టు మాట్లాడాడు. కానీ అసలు సంగతి ఏంటి, ఒకే ఒక్క సెన్సార్ రీడింగ్ నమ్మి విమానం ముక్కుని కిందికి తోసే సాఫ్ట్‌వేర్ పెట్టారు, దాని సంగతి పైలట్ల మాన్యువల్‌లో రాయనే లేదు. దేశం పేరు చెప్పి పైలట్ మీదకి తోసేస్తే అసలు కారణం వెనక్కి పోతుంది, నాకు కోపం వచ్చేది అక్కడే.

భాష వల్ల ప్రాణాలు పోలేదా అంటే పోయాయి, అది దాచాల్సిన పనిలేదు. 1996 నవంబర్ 12న చర్ఖీ దాద్రీ దగ్గర సౌదీ విమానం, కజకిస్తాన్ విమానం గాల్లో ఢీకొని 349 మంది చనిపోయారు. కజక్ విమానం 15,000 అడుగుల దగ్గర ఆగాలి, సౌదీది 14,000 దగ్గర. కజక్ విమానంలో ఢిల్లీ కంట్రోలర్‌తో ఇంగ్లీష్‌లో మాట్లాడేది రేడియో ఆపరేటర్, నడిపేది వేరేవాళ్లు, కంట్రోలర్ చెప్పింది ఆ ఆపరేటర్ ద్వారా వాళ్లకి చేరాలి, వాళ్లేమో 15,000 దాటి ఇంకా కిందికి దిగిపోయారు. అప్పట్లో ఢిల్లీ రాడార్‌లో విమానం ఎక్కడుందో కనపడేది కానీ ఎంత ఎత్తులో ఉందో కనపడేది కాదు, పైగా వచ్చేవాటికీ పోయేవాటికీ ఒకటే దారి. ఆ ప్రమాదాన్ని విచారించిన జస్టిస్ లాహోటీ కమిషన్ ఇవన్నీ చూసింది. అక్కడ లోపం భాష రాకపోవడం, యాస కాదు.

1990 జనవరిలో న్యూయార్క్ దగ్గర ఏవియాంకా విమానం ఫ్యూయల్ అయిపోయి కూలి 73 మంది పోయారు. కొలంబియా కోపైలట్ ఫ్యూయల్ అయిపోతోంది అన్నాడు, ప్రయారిటీ కావాలి అన్నాడు, కానీ మేడే అనే ప్రమాద సంకేతం ఇవ్వలేదు, ఎమర్జెన్సీ అని కంట్రోలర్‌కి చెప్పలేదు. అతని యాస వాళ్లకి అర్థమైంది, రావాల్సిన మాటే రాలేదు.

చెన్నైలో ఉన్నప్పుడు బంగాళాఖాతం మీద వెళ్లే విమానాలతో చాలా దూరం అందే హెచ్‌ఎఫ్ రేడియోలో మాట్లాడేవాళ్లం, ఒకటే గరగర, అందులో కొరియా పైలట్ వస్తాడు, రష్యన్ వస్తాడు, అరబ్ వస్తాడు, నెమ్మదిగా రూల్ ప్రకారం మాటలు వాడి రీడ్‌బ్యాక్ (మేము చెప్పింది తిరిగి చెప్పడం) పూర్తిగా ఇస్తే ఏ ఇబ్బందీ ఉండేది కాదు. ఇబ్బంది పెట్టింది ఎక్కువగా ఇంగ్లీష్ సొంత భాష అయినవాళ్లలో కొందరు, గబగబా మాట్లాడేసి, వాళ్ల ఊరి వాడుక మాటలు కలిపి, సగం రీడ్‌బ్యాక్ ఇచ్చి వదిలేసేవాళ్లు. మన కంట్రోలర్లలో కూడా ట్రాఫిక్ పెరిగితే రైలు వేగంతో క్లియరెన్స్ (విమానానికి ఇచ్చే అనుమతి) చదివేవాళ్లు ఉన్నారు, అదీ తప్పే.

ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) రూల్ చూసినా ఇదే ఉంటుంది. 2008 మార్చి నుంచి అంతర్జాతీయ విమానాలు నడిపే పైలట్లకి, కంట్రోలర్లకి లెవల్ 4 (పనికి సరిపడా స్థాయి) ఇంగ్లీష్ ఉండాలి, కొన్ని దేశాలకి 2011 దాకా టైమ్ ఇచ్చారు. ఆ లెవల్ 4లో మాతృభాష ప్రభావం ఉచ్చారణ మీద ఉండొచ్చు, అర్థం కావడానికి అప్పుడప్పుడు మాత్రమే అడ్డు రావొచ్చు అని ఉంటుంది. ఇంకో సంగతి, రేడియోలో త్రీని ట్రీ అని, థౌజండ్‌ని టౌసండ్ అని, నైన్‌ని నైనర్ అని పలకమని ఐకావోనే నేర్పుతుంది, ఎవరి నోటికైనా పలకాలి, ఎవరి చెవికైనా అందాలి అని.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, తెలుగు మీడియంలో చదివి పైలట్ అవ్వాలనుకునే పిల్లలు నా దగ్గరికి వచ్చి సార్ మా యాస పనికిరాదంటున్నారు, అమెరికన్ యాక్సెంట్ కోర్స్ చేయమంటున్నారు అని అడుగుతుంటారు, అప్పు చేసి మరీ ఫీజు కట్టినవాళ్లు ఉన్నారు. ఆ డబ్బు పెట్టి కృత్రిమ యాస నేర్చుకోవద్దు బాబూ, రేడియో ఫ్రేజాలజీ (రేడియోలో వాడాల్సిన నిర్ణీత మాటలు) బాగా నేర్చుకోండి, రోజూ వినండి, అర్థం కాకపోతే సే అగైన్ (మళ్లీ చెప్పండి) అనడానికి సిగ్గుపడకండి. వాళ్లకి నేను చెప్పేది ఇంతే.

మీ పేపర్‌కి నా మనవి ఒకటే, ప్రమాదం జరిగిన రోజు విచారణ మొదలవకముందే హెడ్డింగ్‌లో పైలట్ దేశం పేరు వేయకండి, దాని బదులు రీడ్‌బ్యాక్ సరిగా ఇచ్చారా, పైలట్లకి కంట్రోలర్లకి సరిపడా రెస్ట్ ఇస్తున్నారా, రాడార్ ఎలా ఉంది అని మీ రిపోర్టర్లతో అడిగించండి.

ఇట్లు
ఒక రిటైర్డ్ కంట్రోలర్, హైదరాబాద్