ఆ మలుపు దగ్గర మా కోసం ఆగిన అందరికీ

మలుపు దగ్గర మా కారుకు ప్రమాదం జరిగాక, నేనూ మా తమ్ముడూ ఆసుపత్రి నుంచి క్షేమంగా ఇంటికి చేరాం. వాడు కర్ర సాయంతో, నేను మెడకు పట్టీతో, ఇద్దరం మెల్లగా నడుస్తున్నాం. రోజూ ఫోన్ చేసి అడుగుతున్న వాళ్ళందరికీ ముందు ఈ మాట చెప్పాలి. మేం రుణపడ్డ వాళ్ళలో చాలామంది పేర్లు కూడా మాకు తెలియవు, అందుకే ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

అటు తిరిగేవాళ్ళకు ఆ మలుపు సంగతి కొత్త కాదు. మొదట్లో మామూలు వంపులానే ఉంటుంది, లోపలికి వెళ్ళేకొద్దీ ఇంకా బిగుసుకుపోతుంది. పొదలు అడ్డం, కాబట్టి మధ్యలోకి వచ్చేదాకా ఆ విషయం తెలియదు. మలుపులో రోడ్డు బయటి అంచు కాస్త ఎత్తుగా వేస్తే బండి పట్టు తప్పకుండా ఉంటుంది. ఇక్కడ ఆ ఎత్తు లేదు, పైగా వాన నీళ్ళకు కొట్టుకొచ్చిన కంకర. తమ్ముడు నెమ్మదిగానే తోలుతున్నాడు. చక్రాలు కంకర మీదికి రాగానే కారు జారి, పక్క కాలువలోకి దిగి, చెట్టుకు కొట్టుకుని ఒరిగిపోయింది.

ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్నాయి. కారు నిండా తెల్లటి పొడి, ఏదో కాలిన వాసన. కారు అంటుకుందనే అనుకున్నాం. తమ్ముడు అరుస్తున్నాడు, నాకైతే గొంతు పెగల్లేదు. అప్పుడే కిటికీలో ఒక లారీ డ్రైవర్ అన్న ముఖం కనిపించింది. "మంట కాదమ్మా, బ్యాగులోంచి వచ్చే పొడి అది. భయపడకండి" అంటూ చెయ్యి లోపలికి పెట్టి ఇంజన్ ఆపేశాడు. వంగి పెట్రోలు కారుతోందేమో చూశాడు. ఆ మాట విన్నాకే నాకు ఊపిరి ఆడింది.

అంతకుముందే ఆయన చేసిన పని మాకు తర్వాత తెలిసింది. లారీని మలుపులో ఆపకుండా, ముందే తిన్నటి రోడ్డు మీద, దూరం నుంచి కనిపించేలా లైట్లన్నీ వేసి ఆపాడట. క్లీనర్ కుర్రాణ్ణి మలుపు అవతలికి పరిగెత్తించి, ఫోన్ లైటుతో ఎదురుగా వచ్చే బండ్లను ఆపించాడట. చీకటి పడే వేళ, ఎదురేముందో కనపడని చోట, సాయానికి ఆగినవాళ్ళ మీదికే ఇంకో బండి దూసుకొచ్చే ప్రమాదం ఉంది. అది జరగకుండా కాచింది ఆ ఇద్దరే.

ఇక ఆ అక్క గురించి ఎంత చెప్పినా తక్కువే. పక్క పొలంలోంచి పరిగెత్తుకొచ్చింది. అప్పటికే నలుగురు చేరి, నన్ను బయటికి లాగేద్దామని తలుపు పీకుతున్నారు, పాపం మంచి మనసుతోనే. "మంట లేదు కదా, ఎందుకు కదపడం? అంబులెన్స్ వచ్చేదాకా ఎవరూ లాగొద్దు" అని గట్టిగా అరిచింది. వెనక సీట్లోకి గాజు పెంకుల మీదుగానే ఎక్కి, మోచేతులు నా సీటు మీద ఆనించి, నా తలను రెండు అరచేతుల మధ్య కదలకుండా పట్టుకుంది. ఏదో అడిగితే నేను తల ఊపబోయాను. "ఊపకు తల్లీ, అవునైతే నోటితో అవునను" అంది. అంబులెన్స్ వాళ్ళు వచ్చి మెడకు కాలర్ వేసేదాకా ఆ చేతులు తియ్యలేదు.

తమ్ముడి కాలి గాయం మీద తువ్వాలు మడిచిపెట్టి ఒత్తిపట్టిన పెద్దాయనకూ దండాలు. తువ్వాలు తడిసిపోతే దాన్ని తియ్యకుండా పైన ఇంకో బట్ట వేసి అలాగే ఒత్తాడు. తీసి చూస్తే ఆగబోయే రక్తం మళ్ళీ మొదలవుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆసుపత్రిలో స్కాన్ తీస్తే మెడ ఎముకలో సన్నటి పగులు కనిపించింది. ఆ మెడను ఎవరైనా లాగి ఉంటే చేతులూ కాళ్ళూ పడిపోయే ప్రమాదం ఉండేదని డాక్టరుగారు చెప్పారు. ఆ మాట వినగానే అక్క చేతులే గుర్తొచ్చాయి. రాత్రంతా గంట గంటకూ వచ్చి వేళ్ళు కదపమన్న నర్సులకూ, తమ్ముడికి రక్తం ఇచ్చినవాళ్ళకూ మా అమ్మ తరఫున కూడా నమస్కారాలు.

నా భుజం నుంచి నడుము దాకా ఏటవాలుగా బెల్టు కమిలిన గుర్తు ఇంకా ఉంది. తాకితే నొప్పి. అయినా అది చూసినప్పుడల్లా ఇంకో మనిషికి దండం పెట్టుకుంటున్నాను. స్వీడన్ ఇంజనీరు నిల్స్ బొహ్లిన్ 1959లో వోల్వో కంపెనీలో ఈ మూడుచోట్ల పట్టే బెల్టు తయారుచేశారు. దెబ్బ బలం పొట్ట మీద పడకుండా ఛాతీకీ నడుము ఎముకకూ పంచేలా చేశారు. మిగతా కంపెనీలూ వాడుకునేలా వోల్వో ఆ పేటెంట్‌ను వదిలేసింది. మేం పుట్టకముందే మా ప్రాణాల గురించి ఆలోచించినవాళ్ళు వీళ్ళు.

మేం మంచాన ఉండగానే ఆ ఊరివాళ్ళు పొదలు కొట్టేసి, మలుపు బయటి అంచున రాళ్ళకు సున్నం వేసి నిలబెట్టారని తెలిసింది. హెచ్చరిక బోర్డు మలుపులో కాదు, దానికి బాగా ముందు కావాలి. వేగం రెట్టింపైతే బండిని మలుపులో నిలిపేందుకు కావాల్సిన పట్టు నాలుగింతలవుతుంది, లోపలికి వచ్చాక బ్రేకు వేస్తే లాభం తక్కువ. బోర్డు కోసం పెట్టిన అర్జీ మీద సంతకాలు చేసినవాళ్ళందరికీ కృతజ్ఞతలు, మా ఇద్దరివీ కలపండి.

లారీ అన్నా, అంబులెన్స్ కదలగానే మీరు పేరైనా చెప్పకుండా వెళ్ళిపోయారట. ఈ మాటలు మీ దాకా చేరితే ఒక్క కబురు పంపండి. తమ్ముడికి కాలు కుదుటపడగానే మేమే మీ ఇంటికి వస్తాం.