మా గుడి గోడల మీద ఆ సిమెంటు పని ఆపించండి: మంత్రిగారికి ఒక కతోలిక విచారణ విశ్వాసి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కారములు. పాత కట్టడాల పునరుద్ధరణ పథకం కింద మా విచారణ (ఒక గురువు కింద ఉండే కతోలిక సంఘాన్ని మేము అలా అంటాము) దేవాలయంలో జరుగుతున్న పని గురించి మీకు ఇప్పటికి ఐదు అర్జీలు పంపుకున్నాము. మొదటి రెండూ మా విచారణ గురువుల, అంటే ఫాదర్‌గారి, సంతకంతో వెళ్లాయి. మూడోదాని మీద విచారణ సంఘం పెద్దలందరూ సంతకాలు చేశారు. తక్కిన రెండూ మరియమాత పేరిట జపమాల చెప్పుకునే మా భక్తసంఘం మరియదళం తరఫున నేనే రాసి, మీ కార్యాలయంలో స్వయంగా ఇచ్చి, రసీదు పుచ్చుకుని వచ్చాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. అందుకే ఈ ఆరోదాన్ని అందరూ చదివేలా రాస్తున్నాను. మిమ్మల్ని నలుగురిలో నిలదీయాలన్నది నా ఉద్దేశం కాదు. రెండో విడత పని మొదలయ్యేలోగా ఈ మాట మీ చెవిన వేయడానికి మరో దారి కనిపించలేదు.

పథకం వివరాలు మీకు తెలిసినవే కనుక వాటి జోలికి వెళ్లను. నేను చెప్పవలసిన సంగతి ఒక్కటే. డంగుసున్నంతో, అంటే గానుగలో రుబ్బిన సున్నంతో, కట్టిన గోడల మీద సిమెంటు పూస్తున్నారు. పూయబోమని మాట ఇచ్చి మరీ పూస్తున్నారు.

ఆ మాట ఎక్కడో కాగితాల్లో ఇచ్చింది కాదు. పని ప్రారంభించడానికి వచ్చిన మీ శాఖ అధికారిని గుడి మెట్ల మీద నేనే అడిగాను. "సున్నం గోడకు సున్నమే వాడతామమ్మా, అంచనాలో కూడా అలాగే రాశాం" అని ఆయన మా గురువుల ఎదుట, కన్యస్త్రీల ఎదుట, పాటలు పాడే పిల్లల ఎదుట చెప్పారు. ఆ మాట నమ్మే మేము గుడి తాళాలు అప్పగించాము. దివ్యమందసం అనే పవిత్ర పేటికలోని సత్ప్రసాదాన్ని, అంటే పూజలో ఆశీర్వదించిన అప్పాన్ని, కన్యస్త్రీల మఠంలోని ప్రార్థన గదికి ఊరేగింపుగా తీసుకువెళ్లి, అఖండ దీపం ఆర్పి, బలిపీఠం మీది గుడ్డలు మడిచి పెట్టుకున్నాము. ఆరు నెలల్లో తిరిగి అప్పగిస్తామన్నారు. రెండేళ్లు దాటిపోయింది. ఆదివారం దివ్యబలిపూజ ఇప్పటికీ రేకుల పందిరి కిందే జరుగుతున్నది. వాన పడితే గురువుల ప్రసంగం వెనుక వరుసల వారికి వినపడదు. ఎండ కాస్తే ముసలివాళ్లు పూజ మధ్యలోనే లేచి వెళ్లిపోతారు.

ఈ గోడల గురించి కొంచెం చెప్పనివ్వండి. తెలుగు సీమలో ఇలాంటి గుళ్లను కట్టించిన గురువులు దూరదేశాల నుంచి వచ్చినవారు. 1846లో విశాఖపట్నం చేరిన సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభవారు, 1855లో హైదరాబాదుకు వచ్చిన మిలాన్ మిషనరీలు, ఆ తరువాత నెల్లూరు, గుంటూరు ప్రాంతాల్లో పనిచేసిన మిల్ హిల్ గురువులు తమ తమ దేశాల్లోని దేవాలయాల నమూనాలను మనసులో పెట్టుకుని వచ్చారు. సిలువ ఆకారపు కట్టడం, మొన తేలిన కమానులు, రంగు అద్దాల కిటికీలు, గంటగోపురం వారి ఊహలోవి. ఇటుక మాత్రం ఇక్కడి బట్టీలది, సున్నం ఇక్కడి గానుగది, తాపీ పట్టిన చెయ్యి ఇక్కడిది. మా గుడి గోడలు మూడడుగుల మందం ఉంటాయి. మిట్టమధ్యాహ్నం బయటి నుంచి లోపలికి అడుగుపెడితే ఒంటికి తెలిసే చల్లదనం ఆ మందానిదీ, ఆ సున్నానిదీ. పైకప్పుకు టేకు దూలాలు వేసి, వాటి మీద పలుచని ఇటుకలను నిలువుగా పేర్చి సున్నంతో బిగించారు. మద్రాసు టెర్రసు అని మీ ఇంజనీర్లు దేన్ని అంటారో అదే ఇది. ఆ దూలాల కొనలు గోడలోనే పాతుకుని ఉన్నాయి. ఈ సంగతి దయచేసి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

గుడి వెనుక, వేపచెట్టు కింద, గుండ్రంగా తవ్వి రాళ్లు పరిచిన గాడి ఒకటి ఉంది. సున్నం, ఇసుక కలిపి నీళ్లు పోసి ఎడ్లతో రుబ్బించిన గానుగ అది. మా ముత్తాత ఆ ఎడ్లను తోలాడని నాయనమ్మ చెప్పేది. బెల్లం నీళ్లు, నానబెట్టిన కరక్కాయల కషాయం పోసి, చేతికి వెన్నలా తగిలేదాకా రుబ్బేవారట. ఆ గాడి చెక్కుచెదరకుండా ఉంది. ఇప్పుడు అందులో సిమెంటు బస్తాలు పేర్చి పైన టార్పాలిన్ కప్పారు. ఆ దృశ్యం చూసిన రోజు నాకు అన్నం సహించలేదు.

సున్నం గోడకూ సిమెంటుకూ ఎందుకు పడదో మీ శాఖలో తెలిసినవారు లేరని నేను అనుకోను. అయినా తాపీ మేస్త్రీలు నాకు చెప్పినట్టే చెబుతాను. పునాది కింద చెమ్మను అడ్డే పొర ఏదీ లేని పాత గోడ నేలలోని తేమను పైకి పీలుస్తుంది. పైన సున్నపు పూత ఉంటే ఆ తేమ దాని గుండా ఆవిరై మెల్లగా బయటికి పోతుంది. వానాకాలం తడిసినది ఎండాకాలానికి ఆరుతుంది, అలా వందేళ్లకు పైగా ఆరుతూ వచ్చింది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ల తరబడి నిదానంగా రాయిగా మారుతుంది, గోడ కొంచెం కదిలితే తానూ కదులుతుంది. సిమెంటు అలా కాదు. గట్టిగా బిగుసుకుని, లోపలి చెమ్మను బయటికి పోనివ్వదు. దారి మూసుకుపోయిన నీరు గోడలోనే ఇంకా పైకి ఎక్కుతుంది. ఆ నీటిలోని ఉప్పు ఇటుక లోపలే గడ్డకట్టి, ఇటుకను పిండి చేస్తుంది. పైకి గోడ నున్నగా, కొత్తగా కనిపిస్తూ ఉంటుంది. లోపల మాత్రం రాలిపోతూ ఉంటుంది.

మా గుడిలో జరిగింది అక్షరాలా ఇదే. తూర్పు గోడకు సిమెంటు పూసిన మొదటి వానాకాలంలోనే, అంతకు ముందు ఎన్నడూ చెమ్మ లేని చోట, క్రీస్తు సిలువ మోసిన దారిని చూపుతూ గోడ మీద వరుసగా ఉండే సిలువమార్గపు పటాల్లో నాలుగో స్థలం కింద నా భుజమెత్తున తడి మరక తేలింది. రెండో వానాకాలానికి తెల్లటి ఉప్పు పూసింది. వేలితో గీస్తే పిండిలా రాలుతున్నది. పైన దూలం కొన గోడలోకి దిగే చోట మా విచారణకు చెందిన వడ్రంగి ఒకరు నిచ్చెన వేసుకుని ఎక్కి స్క్రూడ్రైవరుతో పొడిచి చూశారు. వందేళ్లు నిలిచిన టేకులో అది ఒక కణుపు లోతు దిగబడింది. ఆయన కిందికి దిగి ఏమీ మాట్లాడలేదు, ఆ స్క్రూడ్రైవరు నా చేతికి ఇచ్చారు. దాని కొసన అంటిన తడి పొట్టును కాగితంలో పొట్లం కట్టి నాలుగో అర్జీకి జతచేశాను. అది మీ దాకా వచ్చిందో లేదో తెలియదు.

ఇప్పుడు చెప్పబోయేది మరీ కష్టమైన మాట. ఒక దేవాలయాన్ని ప్రతిష్ఠించినప్పుడు పీఠాధిపతులు (బిషప్పుగారు) లోపలి గోడల మీద పన్నెండు చోట్ల పవిత్ర తైలంతో సిలువ గుర్తు వేసి అభిషేకిస్తారు. ఆ పన్నెండు చోట్లా మా గుడిలో ఎర్రరంగు సిలువలు ఉండేవి, ఒక్కొక్కదాని కింద కొవ్వొత్తి పెట్టే ఇనుప కొక్కెం ఉండేది. ఏటా గుడి ప్రతిష్ఠ రోజున ఆ పన్నెండు కొవ్వొత్తులనూ వెలిగించేవాళ్లం. నా చిన్నప్పుడు మూడోది వెలిగించే వంతు మా ఇంటిది. సిమెంటు పట్టడానికని పాత పూత చెక్కేస్తూ పనివాళ్లు రెండు సిలువలను ఉలితో కొట్టేశారు. వాళ్లను నేను తప్పు పట్టను, అవేమిటో వాళ్లకు ఎవరు చెప్పారు గనుక? విశ్వాసులకు మతబోధ చేసే మా ఉపదేశిగారు పరుగున వచ్చి, చెత్తలో పోయబోతున్న ఆ ముక్కలను ఏరి, తన తువ్వాలులో మూటకట్టి ఇంటికి తీసుకువెళ్లారు. ఆ మూట ఇప్పటికీ ఆయన ఇంట్లో దేవుని పటం ముందు ఉంది. కొత్త సిమెంటు మీద మళ్లీ ఎర్రరంగు వేయిస్తామని మీ అధికారి అన్నారు. రంగు వేయించవచ్చు. తైలం పడిన పూత మాత్రం అది కాదు.

మార్పు అంటే గిట్టని మనుషులమని మమ్మల్ని అనుకోవద్దు. 1963లో ప్రపంచ కతోలిక పీఠాధిపతులు కూడిన రెండో వాటికన్ మహాసభ ఆరాధన గురించిన శాసనాన్ని వెలువరించాక, అప్పటిదాకా లాటిన్‌లో నడిచిన పూజ తెలుగులోకి వచ్చింది, గోడవైపు తిరిగి పూజ చేసే గురువులు జనం వైపు తిరిగారు, పాత పీఠానికి ముందు మరో పీఠం వెలసింది. మా పెద్దలు ఆ మార్పులన్నిటినీ ఆ గోడల మధ్యనే స్వీకరించారు. పాత పీఠాన్ని ఎవరూ పగలగొట్టలేదు, దాని ముందు కొత్తదానికి చోటు చేశారు, అంతే.

గురువులు పూజకు సిద్ధమయ్యే సాక్రిస్తి గదిలోని పుస్తకాల సంగతి మరో బాధ. జ్ఞానస్నానాల రిజిస్టర్లు, వివాహాల రిజిస్టర్లు, మరణాల రిజిస్టర్లు తొలి నుంచీ అక్కడే ఉన్నాయి. పాత పుటలన్నీ లాటిన్‌లో ఉంటాయి. పుట్టినరోజు, జ్ఞానస్నానం జరిగిన రోజు, తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు, పక్కన అంచులో ఆ బిడ్డ తరువాత ఎప్పుడు, ఎక్కడ పెళ్లి చేసుకున్నదీ. మా ముత్తాత పేరు అందులో ఉంది. పింఛనుకో, చదువుకో వయసు రుజువు కావాలన్న ఎంతోమంది పేదవాళ్లు ఈ పుస్తకాల నుంచే పత్రం రాయించుకున్నారు. సిమెంటు పూసిన పడమటి గోడకు ఆనించి ఉన్న బీరువాలో ఈ ఏడు మొదటిసారి బూజు వాసన వచ్చింది. తెరిచి చూస్తే రెండు రిజిస్టర్ల పుటలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. కన్యస్త్రీలు వాటిని ఫ్యాను కింద పరిచి, పుటకూ పుటకూ మధ్య బ్లాటింగు కాగితం పెట్టి, నాలుగు రోజులు కూర్చుని విడదీశారు. అంచుల్లోని సిరా కొన్ని చోట్ల నీలి మరకగా మారిపోయింది. అక్కడ ఎవరి పేరు ఉండేదో ఇక ఎవరూ చెప్పలేరు.

గంట సంగతి కూడా చెప్పాలి. గోపురానికి పరంజా కట్టేటప్పుడు గంట మోగించవద్దని తాళం వేశారు. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం త్రికాల జపానికి మూడేసి దెబ్బల చొప్పున మూడుసార్లు మోగే ఆ గంటకు, మా విచారణలో క్రైస్తవులు కానివాళ్లు కూడా పొయ్యి మీద ఎసరు పెట్టేవారు. ఈ రెండేళ్లలో మా వాళ్లలో ఎందరో వెళ్లిపోయారు. ఎవరికీ చావు గంట మోగలేదు. మరియదళంలో నలభై ఏళ్లు నాతో జపమాల చెప్పిన తల్లి మంచం మీద ఉండి, "నేను పోతే గంట కొడతారా అమ్మా?" అని అడిగింది. కొడతామని చెప్పాను. కొట్టలేకపోయాము.

పాత పూత మీద చెయ్యి వేయడం ఎంత ప్రమాదమో తెలుసుకోవడానికి మనం ఎంతో దూరం వెళ్లనక్కర్లేదు. 1594లో మొదలై 1605లో ప్రతిష్ఠ జరిగిన గోవాలోని బోం జీసస్ బసిలికా గోడలకు ఒకప్పుడు సున్నపు పూత ఉండేది. 1950ల్లో, పోర్చుగీసు పాలనలోనే, రాయి కనబడితే పాతదనం ఉట్టిపడుతుందని ఆ పూతను ఒలిపించారు. లోపలి ఎర్ర లాటరైటు రాయి వానకు ఓర్చుకునేది కాదు. ఆనాటి నుంచి అది వానకు తడుస్తూ, అరుగుతూ ఉంది. అక్కడ పూత ఒలిచారు, మా దగ్గర ఊపిరాడని పూత వేశారు. రెండు చోట్లా పొరపాటు ఒక్కటే: గోడ స్వభావాన్ని అడగకుండా గోడ రూపాన్ని చూశారు. భారత పురావస్తు శాఖ అధిపతిగా పనిచేసిన జాన్ మార్షల్ 1923లో వెలువరించిన పరిరక్షణ కరదీపికలోనే, పాత కట్టడాన్ని కొత్తగా చేయడం కాదు, ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టడమే మొదటి విధి అని చెప్పారు. నేను అడుగుతున్నది అంతకు మించి ఏమీ లేదు.

సున్నం పని ఆలస్యమవుతుందని అంటారు, నిజమే. సున్నాన్ని ముందుగా నానబెట్టాలి, ఒక పొర ఆరాకే రెండోది వేయాలి, మధ్యలో తడుపుతూ ఉండాలి. సిమెంటు ఒక్క రాత్రిలో గట్టిపడుతుంది, కొలతలు తీసుకుని బిల్లు పెట్టుకోవచ్చు. రెండేళ్లు పందిరి కింద కూర్చున్న మేము మరో ఏడాది కూర్చోవడానికి సిద్ధమేనని మా విచారణ సంఘం తీర్మానం కూడా చేసింది. మూడో అర్జీకి దాని నకలు జతచేశాము. తొందర మాకు లేనప్పుడు ఇంకెవరి కోసం ఈ తొందర?

అయ్యా, రెండో విడతలో బలిపీఠం వెనుక గోడ, గంటగోపురం ఉన్నాయి. తక్కిన పది సిలువల్లో నాలుగు ఆ గోడ మీదే ఉన్నాయి. పరంజా ఇప్పటికే నిలిచింది. మొట్టమొదట ఆ పని ఆపించండి. పాత కట్టడాల పని తెలిసిన వారితో ఒకసారి గోడలు, దూలాల కొనలు పరీక్ష చేయించండి. పూసిన సిమెంటును ఉలి దెబ్బలతో కాక, ఇటుక నొవ్వకుండా విడిపించి, డంగుసున్నం పని తెలిసిన మేస్త్రీలతో తిరిగి పూయించండి. అంచనాలో సున్నమని రాసిన చోట సిమెంటు ఎలా వచ్చిందో మాకు లిఖితపూర్వకంగా తెలియజేయండి. ఇవేవీ వెంటనే కుదరకపోతే, కనీసం ఆ గానుగలో ఉన్న బస్తాలను మీరు వచ్చి చూసేదాకా విప్పవద్దని ఒక్క మాట చెప్పండి. ఆ ఒక్క మాట చాలు మాకు ఈ నెలకు.

మీరు ఏ రోజు వచ్చినా సరే, ముందుగా కబురు చేయనక్కర్లేదు. మందిరం తాళాలు గుత్తేదారు దగ్గర ఉన్నాయి గాని, పక్క తలుపు తాళం ఇంకా మా ఉపదేశిగారి దగ్గరే ఉంది. ఆయన ఇల్లు గుడి ఎదురుగానే. తలుపు తీసి నాలుగో స్థలం కింది గోడ చూపిస్తారు, అడిగితే ఆ తువ్వాలు మూట కూడా చూపిస్తారు.

ఇట్లు,
విధేయురాలు,
మరియదళం సభ్యురాలు, విచారణ సంఘం తరఫున